క్రాస్ స్టిచ్ నమూనాలు అమ్మే చిన్న ఆన్‌లైన్ కొట్టు: గళ్ళ కాగితానికి డబ్బులిస్తారా?

అమలాపురం_సూదిదారం
క్రాస్ స్టిచ్‌కి, అంటే గళ్ళ గుడ్డ మీద ఇంటూ మార్కు కుట్లతో బొమ్మ కుట్టే పనికి, నమూనాలు నేనే గీసుకుంటానండి. కొబ్బరితోటలో పెంకుటిల్లు, గోదారి మీద నాటు పడవ, కనుమనాడు దేవుళ్ళని ఊరేగించే వెదురు ప్రభలు, కొల్లేటి కొంగలు, ఇలాంటివి. ఫ్రేము కట్టించి గోడకి పెట్టినవి చూసిన చుట్టాలందరూ "మాకూ ఒకటి కుట్టిపెట్టు" అంటారు. పెద్దది కుట్టాలంటే నెలలు పడుతుంది, వాళ్ళిచ్చేది గుడ్డకీ దారానికీ సరిపోతే గొప్ప. అందుకని కుట్టినవి కాకుండా నమూనాలే పీడీఎఫ్‌లుగా అమ్ముదామని ఆలోచన. మా మరిది "గళ్ళ కాగితానికి ఎవడిస్తాడు వదినా డబ్బులు, వెతికితే ఫ్రీగా బోల్డు దొరుకుతాయి" అని కొట్టిపారేస్తున్నాడు. నిజంగా కొంటారా? ఎక్కడ పెట్టాలి, ఎంతకి పెట్టాలి? గుడ్డా దారం నమూనా కలిపి కిట్లు కూడా పెట్టాలా? పొగడ్తలొద్దు, ఉన్నదున్నట్టు చెప్పండి.

పాలకొల్లు_పిన్ని
కొంటారమ్మా, నేనే కొంటాను. ఫ్రీగా దొరికేవాటిలో సగం మధ్యలో గుర్తులు కలిసిపోయి ఏ రంగో తెలీదు. అంత కష్టపడి కుట్టేది, నమూనా దగ్గర కక్కుర్తి పడితే ఎలా?

రావులపాలెం_రాజు
మీ మరిదిగారితో నేను ఏకీభవిస్తా. మా ఊళ్ళో అరటిగెలైతే పొద్దున్నే పాట పెట్టి అమ్మేయొచ్చు. పీడీఎఫ్‌కి పాట ఎవరు పాడతారండీ?

నర్సాపురం_లేసు
రాజుగారూ, నవ్వుకోడానికి బాగుంది గానీ నేను దీనికి గట్టిగా అడ్డం చెప్తాను.

మాది మూడు తరాలుగా లేసు అల్లిన ఇల్లు. నర్సాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల అరుగు మీద కూర్చుని క్రోషా సూది పట్టని ఆడవాళ్ళు మా అమ్మ రోజుల్లో తక్కువ. పని మొత్తం వాళ్ళదే. కానీ ఏ డిజైను అల్లాలో చెప్పేది ఏజెంటు, దారం ఇచ్చేది ఏజెంటు, కూలి లెక్కగట్టేదీ ఏజెంటే. ఆ టేబుల్ క్లాత్ సముద్రం దాటి ఎంతకి అమ్ముడుపోయిందో అల్లినామెకి ఎప్పటికీ తెలియదు. 2024లో నర్సాపురం క్రోషా లేసుకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, చాలా సంతోషించాం. కానీ గుర్తింపు వచ్చినంత మాత్రాన డిజైను అల్లేవాళ్ళ చేతికి రాదు కదా.

ఈ అమ్మాయి చేతిలో డిజైను ఉంది. అదే అసలు ఆస్తి. కుట్టి అమ్మితే ఒక్కసారే అమ్మగలదు, చేతులూ కళ్ళూ అరిగినంత కాలమే. నమూనా అయితే ఒకసారి గీసినది పదిమందికీ వందమందికీ అమ్ముకోవచ్చు. సూదిదారం గారూ, దయచేసి కుట్టిన ముక్కల ఆర్డర్లు పట్టకండి. కూలి పనిలోకి దిగిపోతారు.

అమలాపురం_సూదిదారం
నర్సాపురం గారూ, ఇది మా మరిదికి చదివి వినిపించాను. "సరే, ఎక్కడ అమ్ముతావో చెప్పు" అంటున్నాడు.

తణుకు_లాగిన్
ఎక్కడంటే, విదేశాల వాళ్ళకైతే ఎట్సీ, చేతిపని వస్తువులు అమ్మే వెబ్‌సైటు. క్రాస్ స్టిచ్ కుట్టేవాళ్ళు నమూనా కోసం ముందు వెతికేది అక్కడే. ఒక్కో వస్తువు పెట్టడానికి 20 సెంట్లు, అది నాలుగు నెలలు ఉంటుంది. అమ్ముడైతే 6.5 శాతం వాళ్ళకి. ఐదు డాలర్ల నమూనా అమ్మితే ఈ రెండూ కలిపి అర డాలరు పైచిలుకు పోతుంది. డబ్బు మనదాకా రావడానికి అయ్యే కోతా, డాలరు రూపాయి అయ్యేటప్పటి తేడా దీనికి అదనం. వాళ్ళు బయట ప్రకటనలిచ్చి, ఆ ప్రకటన నొక్కి వచ్చినవాళ్ళు కొంటే చిన్న కొట్లకి 15 శాతం కోస్తారు. కొత్త కొట్టుకి దాన్ని ఆపేసుకునే వీలుంది, సెట్టింగుల్లో చూసుకోండి.

ఒక నమూనాకి ఐదు ఫైళ్ళదాకా, ఒక్కోటి 20 ఎంబీ లోపు పెట్టొచ్చు. కొన్నవాళ్ళు వెంటనే దించుకుంటారు, మీరు అర్ధరాత్రి లేచి పంపక్కర్లేదు.

మనవాళ్ళకి మాత్రం అది పనిచేయదు. ఇక్కడివాళ్ళు ఇన్‌స్టాలో చూసి, వాట్సాప్‌లో అడిగి, యూపీఐలో కొట్టి, "పంపండి మేడమ్" అంటారు. రెండూ నడపండి, ధరలు వేరుగా పెట్టండి.

నిడదవోలు_జంక్షన్
పేపాల్ ఉంటే చాలదా? లింకు పంపితే ఎవరైనా కట్టేస్తారు కదా.

తణుకు_లాగిన్
2021 ఏప్రిల్ నుంచి మన దేశంలో పేపాల్ లోపలి చెల్లింపులకి పనిచేయడం లేదు. విదేశాల నుంచి వచ్చేవాటికి మాత్రమే.

గళ్ళకాగితం
అందరూ కొట్టు గురించే మాట్లాడుతున్నారు, సరుకు గురించి ఎవరూ అడగలేదు. సూదిదారం గారూ, ఒక నమూనా పేజీ ఇక్కడ పెట్టగలరా? ఊరికే మూల ముక్క చాలు, మొత్తం పెట్టకండి.

అమలాపురం_సూదిదారం
పెట్టానండి. జగ్గన్నతోట ప్రభల తీర్థం. 140 గళ్ళ వెడల్పు, 112 ఎత్తు. మా అన్నయ్య తీసిన ఫోటో సాఫ్ట్‌వేర్‌లో వేసి, తర్వాత చేత్తో దిద్దాను.

నర్సాపురం_లేసు
2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన రాష్ట్రం శకటం ప్రభల తీర్థమే కదా! ఎంచుకున్నది చాలా బాగుంది.

గళ్ళకాగితం
ఎంచుకున్నది నిజంగా బాగుంది. అందుకే కొంచెం నిష్ఠూరంగా చెప్తున్నా, ఏమీ అనుకోకండి.

రంగుల పట్టీలో 46 ఉన్నాయి. ప్రభ మీద ఎర్రగుడ్డ ఒక్కదానికే తొమ్మిది ఎరుపులు. ఫోటోలో నీడ ఉన్న చోటల్లా సాఫ్ట్‌వేర్ కొత్త ఎరుపు పట్టుకుంది. 14 కౌంట్ (అంగుళానికి 14 గళ్ళు) ఐడా గుడ్డ మీద కుట్టి రెండడుగులు వెనక్కి నిలబడితే ఆ తేడా కంటికి ఆనదు, సూదికి మాత్రం దారం తొమ్మిదిసార్లు మార్చాలి. మూడు ఎరుపులు చాలు: వెలుగు, మామూలు, మడత. మొత్తం 20 లోపు రంగులకి తెచ్చేయొచ్చు.

ఇక కింద జనం. పొలంలో నిలబడ్డ జనమంతా ఒక్కో గడి ఒక్కో రంగు. కుట్టేవాళ్ళు దీన్ని కన్‌ఫెట్టీ అంటారు. ఒక్క గడి కుట్టడం, దారం వెనక దోపడం, తెంపడం, మళ్ళీ ఎక్కించడం. ఈ జనం దగ్గరకొచ్చేసరికి సగంమంది ఫ్రేము అటక మీద పెట్టేస్తారు. జనాన్ని నాలుగేసి గళ్ళ తలలుగా, మూడు రంగుల తలపాగాలుగా కట్టండి. దూరం నుంచి జనంలాగే ఉంటుంది.

ఆకాశం మొత్తం కుట్టించకండి. లేత నీలం గుడ్డ మీద కుట్టమని రాయండి. గుడ్డే ఆకాశం అయిపోతుంది, పని మూడో వంతు తగ్గుతుంది.

పీడీఎఫ్‌లో ఏముండాలంటే: రంగుల్లో ఒక చార్టు, నలుపు తెలుపు గుర్తులతో ఇంకోటి, ఎందుకంటే చాలామంది నలుపులోనే ప్రింటు తీసుకుంటారు. పదేసి గళ్ళకి లావు గీత. మధ్యగడి ఎక్కడుందో బాణం. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్ళేటప్పుడు రెండు మూడు వరుసలు మళ్ళీ చూపించి బూడిదరంగులో ఉంచడం. దారం కంపెనీలు డీఎంసీ, యాంకర్ రెండిటి నంబర్లూ వేయండి. మన ఊళ్ళలో దొరికేది ఎక్కువ యాంకరే, బయటివాళ్ళు డీఎంసీ అడుగుతారు. నలుపైతే డీఎంసీ 310కి యాంకర్ 403, ఇలా తేలిగ్గా కుదిరేవి కొన్ని. మిగతావాటికి దగ్గర రంగే తప్ప అదే రంగు దొరకదు, కాబట్టి రెండు లచ్చీలూ పక్కపక్కన పెట్టి పగటి వెలుతుర్లో చూసి రాయండి. ఒక్కో రంగు ఎన్ని లచ్చీలు కావాలో కూడా. లచ్చీ అంటే 8 మీటర్లు, ఆరు పోగులు.

కొలత కూడా మీరే లెక్కగట్టి ఇవ్వాలి. 140 గళ్ళు 14 కౌంట్ మీద 10 అంగుళాలు, 112 అంటే 8. ఫ్రేము కోసం చుట్టూ మూడేసి అంగుళాలు వదిలితే గుడ్డ 16 బై 14. అదే 11 కౌంట్ మీద పన్నెండున్నర దాటుతుంది, మూడు పోగులు కావాలి. 14కి రెండు పోగులు. ఈ లెక్క తెలియకే కొత్తవాళ్ళు గుడ్డ చాలక ఏడుస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం, మీరు కాకుండా ఇంకొకరు మీ కాగితం మాత్రమే చూసి కుట్టాలి. అప్పటిదాకా అమ్మకానికి పెట్టొద్దు.

పాలకొల్లు_పిన్ని
ఆ పని నాకివ్వండి. దారం ఇస్తే చాలు, కుట్టి ఎక్కడ ఆగానో రాసి పంపుతా.

కడియం_కనకాంబరం
గళ్ళకాగితం గారి పోస్టు ప్రింటు తీసి గోడకంటించాను. ప్యాటర్న్ కీపర్ అనే యాప్ సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు ట్యాబ్‌లో చార్టు పెట్టుకుని కుట్టినవి టిక్కు పెట్టుకుంటూ పోతున్నారు. గుర్తులు బొమ్మగా కాకుండా అక్షరాలుగా ఉన్న పీడీఎఫ్‌లే అందులో సరిగ్గా తెరుచుకుంటాయి. స్క్రీన్‌షాట్లు అతికించి పీడీఎఫ్ చేస్తే తెరుచుకోదు. "ప్యాటర్న్ కీపర్‌లో పనిచేస్తుంది" అన్న ఒక్క లైను చూసి కొనేవాళ్ళున్నారు.

భీమవరం_స్పీడ్
ఇంత కష్టం దేనికండీ. ఏఐలో బొమ్మ అడగడం, సాఫ్ట్‌వేర్‌లో పడేయడం, రోజుకి పది నమూనాలు. వంద పెడితే పదైనా అమ్ముడవుతాయి.

గళ్ళకాగితం
పది అమ్ముడవుతాయి, పదిమందీ తిట్టుకుంటారు. అలాంటివి కొన్న ఒకావిడ నాకు చూపించింది: 90 రంగులు, కన్నులో ఆరు గోధుమరంగులు, చేతికి ఆరు వేళ్ళు. కుట్టడం మొదలెట్టాకే తెలుస్తుంది. నెలల పని, కళ్ళు పెట్టి చేసే పని అది. ఎవరూ కుట్టి చూడని నమూనా అమ్మడం నా దృష్టిలో మోసం.

తణుకు_లాగిన్
ఎట్సీలో ఏఐ వాడితే వాడామని చెప్పాలన్న నియమం కూడా ఉంది, స్పీడ్ గారూ.

భీమవరం_స్పీడ్
సరే, చెప్పి అమ్ముకుంటాం. కొనేవాళ్ళిష్టం.

పాలకొల్లు_పిన్ని
నేను కొనను. తేలిపోయింది.

నిడదవోలు_జంక్షన్
ఒక సలహా. బాపుగారి బొమ్మలు నమూనాలుగా చేస్తే మనవాళ్ళు ఎగబడి కొంటారు. పుట్టింది మన నర్సాపురంలోనే. ఆ వాలుజడ, ఆ కళ్ళు, నాలుగు గీతల్లో వచ్చేస్తాయి.

కాకినాడ_ఖాతాలు
అది మాత్రం చేయకండి. మన కాపీరైటు చట్టం 1957 ప్రకారం చిత్రకారుడు పోయాక ఇంకో 60 ఏళ్ళు హక్కు వారసులదే. బాపుగారు 2014లో పోయారు, అంటే 2074 చివరిదాకా. అభిమానం వేరు, అమ్మకం వేరు. గళ్ళల్లోకి మార్చినా బొమ్మ ఆయనదే. సినిమా స్టిల్సు, దేవుడి క్యాలెండర్లు, ఎవరో తీసిన గుడి ఫోటోలు, అన్నిటికీ ఇదే మాట. సూదిదారం గారు అన్నయ్య ఫోటో వాడారు, మంచి పని. ఆయన ఒప్పుకున్నట్టు ఒక్క మెసేజీ అయినా దాచుకోండి.

గళ్ళకాగితం
గడువు దాటినవి కావాలంటే రవివర్మ ఉన్నారు, 1906లోనే పోయారు. ఇంకా దగ్గర కావాలంటే మన రాజమండ్రి దామెర్ల రామారావు, 1925లో పోయారు, 28 ఏళ్ళు నిండకుండానే. రాజమండ్రిలో ఆయన పేరున చిత్రశాల ఉంది, వెళ్ళి చూడండి. ఆ చీర మడతల్లో రంగులు ఎలా సర్దారో చూస్తే మీ ప్రభకి ఎరుపులు తగ్గించడం దానంతటదే వస్తుంది.

రాజోలు_రంగులు
కిట్ల సంగతి ఎవరూ చెప్పలేదు. నేను అమ్ముతున్నా కాబట్టి చెప్తా. లాభం కిట్టులోనే కనిపిస్తుంది, తలనొప్పీ అందులోనే. ఒక్కో రంగు లెక్కపెట్టి కోయాలి, అట్టకి కన్నాలు పెట్టి దారం కట్టి నంబరు రాయాలి. ఒక్క రంగు తక్కువైతే కిట్టు మొత్తం తిరిగొస్తుంది. మన కోనసీమ వానాకాలం సంగతి తెలుసుగా, గంజి పెట్టిన ఐడా గుడ్డకి చెమ్మ పట్టి పసుపు మచ్చలొస్తాయి. ప్లాస్టిక్ డబ్బాలో సిలికా సంచీలు వేసి మూత బిగిస్తున్నా. చవక ఎరుపు దారం ఉతికితే రంగు దిగి తెల్లగుడ్డ గులాబీ అవుతుంది, దాన్ని ముందు తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. పోయిన వానల్లో ఒక కొరియర్ వాళ్ళు పార్సిల్ నీళ్ళలో పెట్టి, పెట్టలేదన్నారు. అప్పట్నుంచి పోస్టాఫీసులో స్పీడ్ పోస్టే.

కాకినాడ_ఖాతాలు
పన్ను వైపు కూడా కిట్టుకీ పీడీఎఫ్‌కీ తేడా ఉంది. డౌన్‌లోడ్ ఫైలు సేవల కిందకొస్తుంది, సేవలకి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. కిట్టు సరుకు. నమోదు లేకుండా ఆన్‌లైన్ అంగళ్ళ ద్వారా సరుకు అమ్ముకునే వీలు 2023 అక్టోబరు 1 నుంచి వచ్చింది గానీ, అది సొంత రాష్ట్రం లోపలే. అమలాపురం నుంచి హైదరాబాద్‌కి కిట్టు పంపితే అది రాష్ట్రం దాటిన అమ్మకం, నమోదు కావాల్సి వస్తుంది. మీ కిట్లు కొనేవాళ్ళలో సగంమంది హైదరాబాద్‌లోనే ఉంటారు కదా. అందుకే ముందు పీడీఎఫ్‌లతోనే మొదలెట్టండి. విదేశీ డబ్బు వచ్చిన ప్రతి రసీదూ దాచండి, డబ్బు ఎందుకొచ్చిందో చెప్పమని బ్యాంకు అడిగే పర్పస్ కోడ్ సరిగ్గా పెట్టండి, ఆదాయపన్ను రిటర్నులో వ్యాపార ఆదాయంగా చూపించండి.

అమలాపురం_సూదిదారం
ఖాతాలు గారూ, హైదరాబాద్ ఇప్పుడు పక్క రాష్ట్రమన్న సంగతి ఈ లెక్కలో తట్టనే లేదు. కిట్లు పక్కన పెట్టేశాను. ప్రభలు 19 రంగులకి తెచ్చాను, జనం ఇప్పుడు నిజంగా జనంలా ఉన్నారు. ఒక్కటి అడగాలి. కొన్నవాళ్ళు వాట్సాప్ గ్రూపుల్లో పంచేస్తే?

నిడదవోలు_జంక్షన్
పంచేస్తారు. నేనున్న గ్రూపులో రోజూ అదే. పాస్‌వర్డు పెట్టండి.

కడియం_కనకాంబరం
పాస్‌వర్డు పెడితే ప్యాటర్న్ కీపర్‌లో తెరుచుకోదు. డబ్బిచ్చినవాళ్ళని ఏడిపించి, ఇవ్వనివాళ్ళని ఆపలేకపోవడం.

నర్సాపురం_లేసు
నాకైతే ఈ పంచుకోవడం చూస్తే కడుపు మండిపోతుంది. జంక్షన్ గారూ, మీ గ్రూపులో "ఇది ఫలానా ఆవిడ గీసింది, కొనుక్కోండి" అని ఒక్కరైనా అనండి. నలుగురు ఆగినా చాలు.

నిడదవోలు_జంక్షన్
అంటాను. సూదిదారం గారి నమూనా కనిపిస్తే నేనే తీయిస్తా.

గళ్ళకాగితం
ప్రతి పేజీ అడుగున మీ కొట్టు పేరు, "సొంత కుట్టుకి మాత్రమే" అన్న మాట వేయండి. వాట్సాప్‌లో కొన్నవాళ్ళ కాపీలో వాళ్ళ పేరు కూడా. పేరున్న కాగితం పంచడానికి చేయి వెనకాడుతుంది. కుట్టిన ముక్క అమ్ముకోవచ్చా అని అడుగుతారు. ఆరో ఏడో కుట్టి అమ్ముకోనివ్వండి, మన పల్లెల్లో ఒకామెకి అది ఆదరువు. కార్ఖానా పెట్టొద్దని రాయండి.

ధర అడిగారు. విదేశీయులకి చిన్నవి నాలుగైదు డాలర్లు, ప్రభల్లాంటివి ఎనిమిది తొమ్మిది. ఇక్కడ 120 నుంచి 250 రూపాయలు. ఇంతకన్నా తగ్గించకండి, తగ్గించినకొద్దీ ఫ్రీ వాటిలో కలిపేస్తారు.

డాలస్_ద్రాక్షారామం
ఇప్పుడే చూశాను ఈ చర్చ. కొనేదాన్ని కాబట్టి నా మాట: ఇక్కడ గుడ్డా దారం నడిచివెళ్ళి కొనుక్కోవచ్చు, మన ఊరి బొమ్మే దొరకదు. కొబ్బరిచెట్లంటే హవాయి చెట్లు చూపిస్తారు. మీ పెంకుటిల్లు, లాకులు, పంటుబల్లకట్టు, అన్నీ కొంటాను. క్రిస్మస్‌వి పెట్టేట్టయితే జులైకల్లా పెట్టండి, ఇక్కడివాళ్ళు అప్పుడే కుట్టడం మొదలెడతారు. దీపావళికీ అంతే ముందు.

ఇంకోటి. పాపాయి పుడితే పేరు, తేదీ, బరువు కుట్టి ఫ్రేము కడతారు ఇక్కడ. ఇంగ్లీషు అక్షరాల చార్టులు కుప్పలు. తెలుగు అక్షరాల చార్టు నాకు నచ్చినది ఒక్కటీ దొరకలేదు. అది గీస్తే ఎంతైనా ఇస్తాను.

పాలకొల్లు_పిన్ని
అమ్మో, ఇది కదా అసలు మాట! గుమ్మానికి ఇంటిపేరు, పెళ్ళికి వధూవరుల పేర్లు...

రావులపాలెం_రాజు
ఇదైతే నేనూ పాట పాడతా. మా ఇంటి గుమ్మానికి ఒకటి.

గళ్ళకాగితం
తెలుగు అక్షరం గుండ్రం, గడి చదరం. తేలిక పని కాదు, అందుకే చేసినవాళ్ళు తక్కువ. చక్కగా చేస్తే మీ కొట్టుకి అదే పేరు తెస్తుంది.

అమలాపురం_సూదిదారం
నిన్నట్నుంచి ఇదే పని మీద ఉన్నాను. అక్షరం ఒంటికి 10 గళ్ళు, పైన తలకట్టుకీ గుడికీ 4, కింద వత్తుకి 6. వరుసకి 20 గళ్ళు, 14 కౌంట్ మీద అంగుళంన్నర లోపే. ఇంతకన్నా చిన్నది చేస్తే ద, ధ ఒకలాగే కనిపిస్తున్నాయి, తేడా అంతా కింద ఆ ఒక్క గీతే కదా. దాన్ని క్రాస్‌తో కాకుండా గీతలా వచ్చే వెనక కుట్టుతో (బ్యాక్‌స్టిచ్) వేస్తే స్పష్టంగా వస్తోంది. వంపుల దగ్గర అరకుట్టు. ముందు అచ్చులూ హల్లులూ ఒక పీడీఎఫ్, గుణింతాలూ వత్తులూ ఇంకోటి.

డాలస్_ద్రాక్షారామం
మా అమ్మాయి పేరు జ్యోత్స్న. ఇప్పుడు భయంగా ఉంది అడగడానికి.

తణుకు_లాగిన్
సీత అని పెట్టుంటే నాలుగు డాలర్లలో అయిపోయేది.

అమలాపురం_సూదిదారం
భయం లేదండీ, గీసి చూశాను. "జ్యో" వెడల్పు 24 గళ్ళు, య వత్తు తోక బాగా సాగుతుంది. "త్స్న"లో స వత్తు త కిందే పెట్టి న వత్తు దాని పక్కకి జరిపాను. ఒకదాని కింద ఒకటి పేరిస్తే 26 గళ్ళ ఎత్తు వచ్చి తేదీకి చోటు మిగలడం లేదు. పేజీ పిన్నిగారికి పంపుతున్నా, ఆవిడ కుట్టి చూశాకే మీకు.

పాలకొల్లు_పిన్ని
పంపమ్మా. గుడ్డ 14 ఉంది, 16 కూడా ఉంది. దారం నా దగ్గర యాంకరే.

అమలాపురం_సూదిదారం
14 మీదే మొదలెట్టండి పిన్నిగారూ, రెండు పోగులు. యాంకర్ నంబర్లు వేసే పంపాను. య వత్తు తోక దగ్గర ఎక్కడ తడబడినా అక్కడే పెన్సిలుతో గుర్తు పెట్టండి.